పాత మోడల్, కొత్త వెర్షన్: ఏటి లెక్కల సాఫ్ట్‌వేర్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే. వరద మ్యాపులు, నదుల మోడళ్లు చేసేవాళ్ల బాధ రెండు మాటల్లో చెప్పాలంటే, సాఫ్ట్‌వేర్ మారిపోతోంది, లేదంటే దాని రేటు మారిపోతోంది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: తిరుచానూరు నుంచి శ్రీకాళహస్తి దాకా స్వర్ణముఖికి హెచ్‌ఈసీ-రాస్ (ఏటి ప్రవాహం, నీటిమట్టం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) 5.0.7లో టూడీ మోడల్ (నేలను గళ్లుగా విడగొట్టి వేసే లెక్క) కట్టాం. కొత్త కంప్యూటర్‌లో 6.6 వేసి అదే మోడల్ నడిపితే కొన్నిచోట్ల నీటిమట్టం దాదాపు మీటరు ఎక్కువ చూపిస్తోంది. ఏది నమ్మాలి?
(కన్సల్టెన్సీ ఇంజినీరు, తిరుపతి)

మీటరు తేడా వెర్షన్ మారినందుకు వచ్చేది కాదు. ఈ చేతి నుంచి ఆ చేతికి మారేటప్పుడు ఏదో ఇన్‌పుట్ జారిపోయింది. మొదటి అనుమానం మ్యానింగ్ ఎన్ (నేల గరుకుదనం నీటికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) మీద పెట్టుకోండి. 6 శ్రేణిలో ల్యాండ్ కవర్ పొరను (ఎక్కడ ఏరు, ఎక్కడ పొలం, ఎక్కడ ఊరు అని చెప్పేది) దాచే తీరు మారింది. మీ పాత పొర కొత్త జామెట్రీకి (ఏటి ఆకారం, గళ్లు ఉండే ఫైలు) అతుక్కోకపోతే ప్రోగ్రాం గోల చేయదు, ఆగిపోదు. టూడీ ఏరియాకు ఉండే డిఫాల్ట్ విలువ 0.06ను ఏరు, పొలం, ఊరు అని చూడకుండా అంతటా వేసేసుకుని నడిచిపోతుంది. ఇసుక ఏరు కాబట్టి మీరు 0.03 దగ్గర్లో ఇచ్చి ఉంటారు. వెడల్పాటి ఏట్లో లోతు ఎన్ విలువకు 0.6 ఘాతంలో మారుతుంది. ఎన్ రెట్టింపైతే లోతు ఒకటిన్నర రెట్లు. అంటే 2 మీటర్లు ఉండాల్సిన చోట 3. మీ మీటరు అక్కడే దొరుకుతుందని మా అంచనా. రాస్ మ్యాపర్‌లో ఆ జామెట్రీకి ఏ టెర్రైన్ (నేల ఎత్తుల పొర), ఏ ల్యాండ్ కవర్ జతై ఉన్నాయో చూడండి. చివరికి లెక్కలోకి వెళ్లే ఎన్ విలువల్ని తెరమీద పరిచి ఏటి మధ్యలో మౌస్ పెట్టండి. 0.06 కనిపిస్తే దొంగ దొరికినట్టే.

అక్కడ తప్పు లేకపోతే సమీకరణాల వైపు రండి. 5.0.7లో ‘ఫుల్ మొమెంటం’ అన్నది 6లో ‘ఎస్‌డబ్ల్యూఈ-ఈఎల్ఎం’ పేరుతో ఉంటుంది. ప్లాన్‌లో డిఫ్యూజన్ వేవ్ (దానికంటే సరళమైన సమీకరణం) ఎంపికై ఉంటే వంతెనల దగ్గర, మలుపుల దగ్గర మట్టాలు వేరుగా వస్తాయి. టర్బులెన్స్ (నీటి సుడుల లెక్క) ఆప్షన్లూ 6లో మారాయి. పాత ఫలితంతో పోల్చాలంటే పాత పద్ధతికి దగ్గరగా ఉండే నాన్-కన్సర్వేటివ్ ఎంపికతో ముందు నడపండి, తర్వాత కొత్తది ప్రయత్నించండి. రెండూ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.

మునక హద్దుల విషయంలో ఇంకో మెలిక ఉంది. లెక్క ఒకటే వచ్చినా మ్యాపు వేరుగా రావచ్చు. నీటి ఉపరితలాన్ని సెల్ (లెక్క గడి) మొత్తానికి ఒకే మట్టంగా గీయాలా, వాలుగా గీయాలా అన్న ఎంపిక రాస్ మ్యాపర్‌లో ఉంటుంది. ఆ ఎంపిక మారితే గట్టు పక్కనున్న పొలాలు మునిగినట్టో మునగనట్టో కనిపిస్తాయి. రెండు వెర్షన్లలోనూ ఒకే ఎంపిక పెట్టాకే మ్యాపుల్ని పక్కపక్కన పెట్టండి.

ఇక మార్చే పద్ధతి. పాత ప్రాజెక్టును నేరుగా 6.6లో తెరవకండి. ఒకసారి సేవ్ అయ్యాక అది మళ్లీ 5.0.7లో సరిగ్గా తెరుచుకుంటుందన్న హామీ లేదు. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి ఆ కాపీనే తెరవండి. మొత్తం అంటే జామెట్రీ, ప్లాన్, ఫ్లో ఫైళ్లే కాదు, టెర్రైన్ టిఫ్‌లు, ల్యాండ్ కవర్, ప్రొజెక్షన్ ఫైలు, డీఎస్ఎస్, రాస్‌మ్యాప్ ఫైలు కూడా. టెర్రైన్‌ను వేరే డ్రైవ్‌లో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. కాపీ తీసుకెళ్లి ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అది కనిపించక మోడల్ గుడ్డిదవుతుంది. జామెట్రీ ఫైలు ఏ వెర్షన్‌లో సేవ్ అయిందో తెలియకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి రెండు మూడు వరుసల్లోనే ‘ప్రోగ్రాం వెర్షన్’ అని రాసి ఉంటుంది.

కాపీని తెరిచాక ప్రాపర్టీ టేబుళ్లను మళ్లీ లెక్కకట్టించండి. టైమ్ స్టెప్ పాతదే ఉంచండి. 20 మీటర్ల సెల్, సెకనుకు 2 మీటర్ల వేగం అయితే కూరాంట్ (ఒక టైమ్ స్టెప్‌లో నీరు ఎన్ని సెల్‌లు దాటుతుందో చెప్పే అంకె) 1 దగ్గర ఉండటానికి 10 సెకన్లు సరిపోతుంది. నడిచాక లాగ్‌లో వాల్యూమ్ ఎర్రర్ (లెక్కలో తేడా వచ్చిన నీటి పరిమాణం) శాతం చూడండి. 1 దాటితే ఆ ఫలితాన్ని పోల్చే పనే పెట్టుకోవద్దు. తర్వాత రెండు గరిష్ఠ నీటిమట్టాలనూ జియోటిఫ్‌గా తీసి క్యూజీఐఎస్ (ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్) రాస్టర్ కాలిక్యులేటర్‌లో కొత్తదాంట్లోంచి పాతదాన్ని తీసేయండి. ఎక్కువ భాగం 2, 3 సెంటీమీటర్లలోపు ఉండి, వంతెనల దగ్గర మాత్రం 10 దాకా వెళ్తే మేము ఒప్పుకుంటాం. అంతకు మించితే కారణం దొరికేదాకా పాత వెర్షన్‌లోనే పని చేస్తాం.

సమర్పించేసిన రిపోర్టు 5.0.7దే. దాన్ని తిరగరాయకండి. హెచ్‌ఈసీ-రాస్‌లో ఒక్కో వెర్షన్ ఒక్కో ఫోల్డర్‌లో కూర్చుంటుంది కాబట్టి ఒకే కంప్యూటర్‌లో రెండూ ఉంచుకోవచ్చు. ఉచితమే కనుక లైసెన్సు లెక్క కూడా లేదు. రిపోర్టులో వెర్షన్ అంకె రాయడం మాత్రం మానకండి. ‘హెచ్‌ఈసీ-రాస్ వాడాం’ అని మాత్రమే రాసిన రిపోర్టుతో అయిదేళ్ల తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

ఒక మాట. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఏ వెర్షనూ మార్చకండి. మన వైపు ఏర్లకు నీళ్లొచ్చేది ఈశాన్య రుతుపవనాల్లో. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగినప్పుడు, రాయలచెరువు కట్ట లీకైనప్పుడు అడిగినట్టు, ‘రాత్రికి మ్యాపు కావాలి’ అని అడిగే కాలం అది. మార్పులన్నీ ఎండాకాలంలో ముగించుకోండి.

ప్రశ్న: ఆఫీసులో నాలుగు ఆర్క్‌మ్యాప్ (డబ్బు కట్టి వాడే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్) సీట్లున్నాయి. హెచ్‌ఈసీ-జియోరాస్ కోసం త్రీడీ అనలిస్ట్, స్పేషియల్ అనలిస్ట్ కూడా కొన్నాం. ఇప్పుడు ఆర్క్‌జీఐఎస్ ప్రోకు మారమంటున్నారు, ఖర్చు ఏటా కట్టాలంటున్నారు. అన్నీ వదిలేసి క్యూజీఐఎస్‌కు పోతే ఏం పోగొట్టుకుంటాం?
(సర్వే సంస్థ నిర్వాహకుడు, చిత్తూరు)

2026 మార్చి 1 తర్వాత ఆర్క్‌మ్యాప్‌కు కంపెనీ మద్దతు లేదు. అంటే ఆ రోజు పొద్దున ప్రోగ్రాం తెరుచుకోదని కాదు. మీ లైసెన్సు శాశ్వతమైనదైతే 10.8.2 మీ కంప్యూటర్‌లో నడుస్తూనే ఉంటుంది. గడువు ఉన్న లైసెన్సైతే గడువుతోపాటే ఆగుతుంది. మీ దగ్గరున్నది ఏదో ముందు కాగితం తీసి చూడండి. ఇది తెలియకుండానే డబ్బు కట్టేవాళ్లు ఎక్కువ.

జియోరాస్‌ను పట్టుకుని వేలాడాల్సిన పని లేదు. అది ఆర్క్‌మ్యాప్ కోసం చేసినది, ప్రోకు రాలేదు. అది చేసే పని, అంటే సెంటర్‌లైన్, గట్టు రేఖలు, క్రాస్ సెక్షన్లు గీసి ఎత్తులు తీయడం, మునక మ్యాపు గీయడం, అన్నీ ఇప్పుడు హెచ్‌ఈసీ-రాస్ లోపలి రాస్ మ్యాపరే చేస్తుంది. జియోరాస్ నుంచి తీసిన పాత ఎస్‌డీఎఫ్ ఫైళ్లు మీ దగ్గరుంటే హెచ్‌ఈసీ-రాస్ జామెట్రీ ఎడిటర్ వాటిని ఇంకా చదువుతుంది. ఆ రెండు ఎక్స్‌టెన్షన్లూ జియోరాస్ కోసమే కొన్నారంటే వాటి రెన్యువల్ ఖర్చు అక్కడితో కొట్టేయవచ్చు.

పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది డేటా. అందుకే ఆర్క్‌మ్యాప్ తెరుచుకుంటున్నప్పుడే ఈ పనులు చేసుకోండి. అన్నిటికంటే ముందు పర్సనల్ జియోడేటాబేస్‌లు, అంటే ఎండీబీ ఫైళ్లు. ఆర్క్‌జీఐఎస్ ప్రో వాటిని తెరవదు. చిత్తూరు, పలమనేరు ప్రాంతాల చెరువుల సర్వేలు పదేళ్లు పదిహేనేళ్ల కిందట ఎండీబీలోనే పెట్టుకుని ఉంటే, కట్ట పొడవు, తూము మట్టం, మొరవ మట్టం అన్నీ ఆ పెట్టెలో చిక్కుకుపోతాయి. వాటిని ఫైల్ జియోడేటాబేస్‌లోకి మార్చండి. క్యూజీఐఎస్ దాన్ని నేరుగా చదువుతుంది. అక్కడి నుంచి జియోప్యాకేజ్‌లోకి ఇంకో కాపీ తీయండి. షేప్‌ఫైల్‌గా మాత్రం మార్చకండి. కాలమ్ పేరు 10 బైట్లకు తెగిపోతుంది, తెలుగులో అది మూడు గుర్తులకే సరి. ‘మొరవ మట్టం’, ‘మొరవ పొడవు’ అన్న రెండు కాలమ్‌లు ఒకేలా కనిపించి తర్వాత తలనొప్పి. 2 జీబీ హద్దు కూడా ఉంది.

గ్రిడ్ రాస్టర్లను జియోటిఫ్‌గా, టిన్‌లను (త్రిభుజాలతో కట్టిన నేల ఉపరితలాలు) తగిన సెల్ సైజుతో రాస్టర్‌గా మార్చండి. ఎంఎక్స్‌డీ (ఆర్క్‌మ్యాప్ మ్యాపు ఫైలు) మ్యాపుల్ని ప్రో దిగుమతి చేసుకుంటుంది. క్యూజీఐఎస్‌కైతే ‘స్లైర్’ అనే ప్లగిన్ ఉంది, రంగులు, గుర్తులు చాలావరకు తీసుకొస్తుంది. మార్చిన ప్రతి పొరకూ ముందు, తర్వాత రెండు లెక్కలు రాసిపెట్టుకోండి. ఎన్ని ఫీచర్లున్నాయి, మొత్తం విస్తీర్ణం ఎంత. ఈ రెండూ కలిస్తేనే పాతది అటకెక్కించండి.

నాలుగు సీట్లూ వదిలేయమని మేమనం. మీ క్లయింటు ఆర్క్‌జీఐఎస్ సర్వర్ నడుపుతూ అదే నిర్మాణంలో జియోడేటాబేస్ అడిగితే ఒక సీటు ఉంచుకోవడం తెలివైన పని. మిగతా మూడింటిపై చేసే డిజిటైజింగ్, మ్యాపు లేఅవుట్, విస్తీర్ణాల లెక్క క్యూజీఐఎస్ చేస్తుంది. ఆ ఒక్క సీటు ప్రో 3కు మారేటప్పుడు గుర్తుంచుకోండి, ప్రో 3లో సేవ్ చేసిన ప్రాజెక్టు 2.9లో తెరుచుకోదు.

ప్రశ్న: క్యూజీఐఎస్ కొత్త వెర్షన్ వేశాక భువన్ కార్టోడెమ్ (ఇస్రో ఇచ్చే నేల ఎత్తుల డేటా) ఎత్తులు తప్పుగా ఉన్నాయి. సముద్రం దగ్గర స్వర్ణముఖి మైనస్ 80లలో చూపిస్తోంది. పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లాలా?
(ఎం.టెక్ విద్యార్థిని, ఏర్పేడు)

వెళ్లినా అవే అంకెలు కనిపిస్తాయి. ఇది క్యూజీఐఎస్ తప్పు కాదు. కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ (భూమికి లెక్క కోసం తీసుకున్న నున్నటి ఆకారం) నుంచి కొలిచినవి. మన ప్రాంతంలో జియాయిడ్, అంటే ఉజ్జాయింపుగా సగటు సముద్రమట్టం, ఆ ఎలిప్సాయిడ్‌కు 80 మీటర్లకు పైగా కింద ఉంటుంది. అందుకే తీరంలో మైనస్, తిరుపతిలో ఉండాల్సిన దానికి సగం కనిపిస్తాయి. మిగతా ఉచిత ఎత్తుల డేటాల్లో ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 జియాయిడ్ నుంచి, కోపర్నికస్ 30 మీటర్లవి ఈజీఎం2008 నుంచి. మీరు ఇంతకుముందు వాడింది వాటిలో ఏదో అయి ఉంటుంది.

సరిచేయడం తేలిక. ఈజీఎం2008 జియాయిడ్ రాస్టర్‌ను మీ డెమ్ (నేల ఎత్తుల రాస్టర్) హద్దులకు, సెల్ సైజుకు సరిపోయేలా వార్ప్ చేసి, రాస్టర్ కాలిక్యులేటర్‌లో డెమ్ నుంచి జియాయిడ్‌ను తీసేయండి. జియాయిడ్ విలువ మైనస్‌లో ఉంటుంది కాబట్టి తీసివేత కూడికవుతుంది. ఉదాహరణకు మైనస్ 82 నుంచి మైనస్ 87 తీస్తే ప్లస్ 5. గుర్తు తారుమారు చేస్తే మైనస్ 169 వస్తుంది. అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి భయం లేదు. భయమల్లా ఆర్‌టీకే (కచ్చితమైన జీపీఎస్ సర్వే) పాయింట్లతో. సర్వేయరు వాటిని ఎలిప్సాయిడ్ ఎత్తులుగా ఇచ్చాడా, బెంచ్‌మార్కుకు కట్టి ఇచ్చాడా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రొజెక్షన్ సంగతి కూడా చూసుకోండి. తిరుపతి, చిత్తూరు జిల్లాలు, కుప్పంతో సహా, యూటీఎం 44 ఉత్తర జోన్‌లోనే పడతాయి. కోడ్ 32644. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ (భూమి ఆకారానికి పాత ప్రమాణం)వి. కొత్త క్యూజీఐఎస్ వాటిని మార్చేటప్పుడు ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ వాడాలని అడుగుతుంది. చూడకుండా ఓకే నొక్కితే చెరువు కట్ట ఊరి మధ్యకు వస్తుంది. నాలుగు గుడి గోపురాలో రోడ్డు కూడళ్లో తీసుకుని ఉపగ్రహ చిత్రంతో సరిపోయాకే ఆ ఎంపికను సేవ్ చేయండి.

ఇంకోటి, అడగకపోయినా చెబుతున్నాం. 30 మీటర్ల ఉచిత డెమ్‌లో నాలుగైదు మీటర్ల తప్పు మామూలే. స్వర్ణముఖిలో ఇసుక తవ్వకాలతో అడుగు మట్టం కూడా ఏటికేడు మారుతోంది. మీ గైడు కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బిస్తానంటే ఆ డబ్బుతో వంతెనల దగ్గర, వాటి మధ్య క్రాస్ సెక్షన్లు సర్వే చేయించమని అడగండి.

ప్రశ్న: టెండర్‌లో మైక్ లాంటి కమర్షియల్ మోడల్ అడిగారు. ఏడాది సబ్‌స్క్రిప్షన్ మా చిన్న సంస్థకు తూగుతుందా? లెక్క ఎలా వేసుకోవాలి?
(ఇద్దరు భాగస్వాములు, తిరుపతి)

ముందు టెండర్ మళ్లీ చదవండి. ‘మైక్ లేదా సమానమైనది’ అని ఉంటే ప్రీ-బిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగండి, హెచ్‌ఈసీ-రాస్ ఒప్పుకుంటారా అని. ఒక వంక మీద కల్వర్టు వెడల్పు తేల్చడానికి కమర్షియల్ మోడల్ కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. ఏరు, కాలువలు, నగర డ్రైనేజీ అన్నీ ఒకే మోడల్‌లో కలిపి నడపాలన్నా, క్లయింటు దగ్గర ఇప్పటికే ఆ మోడల్ ఉండి దాన్నే పొడిగించాలన్నా కొనక తప్పదు.

లెక్క ఇలా వేయండి. సబ్‌స్క్రిప్షన్ ఏడాదికి 3 లక్షలనుకుందాం, ఇది ఊహకు తీసుకున్న అంకె. 18 శాతం జీఎస్టీ 54 వేలు కలిపితే 3 లక్షల 54 వేలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ రూపంలో ఆ 54 వేలు తిరిగి సర్దుబాటవుతాయి. ఏడాదికి ఆ సాఫ్ట్‌వేర్ అవసరమైన పనులు ఆరు దొరికితే పనికి 50 వేలు. రెండే దొరికితే లక్షన్నర. ఈ అంకెను బిడ్‌లో విడి వరుసగా రాయండి. ‘ఓవర్‌హెడ్స్’లో కలిపేస్తే తర్వాత మీ జేబులోంచే పోతుంది.

కొటేషన్ తీసుకునేటప్పుడు రేటు కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. గడువు ముగిశాక పాత ఫలితాలు కనీసం తెరిచి చూడగలమా? లైసెన్సు కంప్యూటర్‌కా, మనిషి పేరుకా, యూఎస్‌బీ డాంగిల్‌కా? డాంగిల్ అయితే పోతే ఏమిటి? చాలాచోట్ల మళ్లీ పూర్తి రేటే. గణన పాయింట్ల సంఖ్యకు, జీపీయూల సంఖ్యకు హద్దు ఉందా? చవక ప్యాకేజీల్లో అసలు మెలిక ఇదే. రేటు ఏ కరెన్సీలో? మెయింటెనెన్స్ ఒక ఏడాది ఆపి మళ్లీ చేరితే పాత బాకీ కూడా వసూలు చేస్తారా? నెల అద్దెకు ఇస్తారా? ఆఖరిది చాలామంది అడగరు. పనికి నిజంగా కావాల్సింది ఆరు వారాలైతే ఏడాదికి కట్టడం ఎందుకు?

గడువు తేదీ మీద బేరమాడండి. నవంబర్‌లో కొంటే ప్రతి నవంబర్‌లో, వరదల మధ్య, రెన్యువల్ మీద పడుతుంది. మొదటిసారి ఏడాదికి బదులు పంతొమ్మిది నెలలకు లెక్కకట్టించుకుని జూన్‌కు జరుపుకోండి. ఇక మోడల్ అప్పగించేటప్పుడు మైక్ ఫైళ్లతోపాటు క్రాస్ సెక్షన్లు టెక్స్ట్‌గా, ఫలితాలు జియోటిఫ్‌గా, హైడ్రోగ్రాఫ్‌లు సీఎస్‌వీగా కూడా ఇవ్వండి. మీరు రెన్యువల్ చేయకపోయినా ఆ లెక్క బతికుంటుంది.

ప్రశ్న: అందరూ క్రాక్ వెర్షనే వాడుతున్నారు కదా?
(పేరు రాయలేదు, పుత్తూరు)

కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అది అలా ఉంచితే, క్రాక్ చేసిన సాల్వర్‌లో ఏం మార్చారో మీకు తెలియదు. కట్ట ఎత్తు తేల్చే అంకె దాంట్లోంచి వస్తోంది. ఉచితంగా హెచ్‌ఈసీ-రాస్, హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్, ఎస్‌డబ్ల్యూఎంఎం, టెలిమాక్ ఉండగా ఆ గతి ఎందుకు? విద్యార్థి లైసెన్సుతో జీతం పని చేయడం కూడా ఒప్పంద ఉల్లంఘనే.

ప్రశ్న: క్యూజీఐఎస్ అప్‌డేట్ చేయగానే వాటర్‌షెడ్ గీసే ప్లగిన్ పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.
(ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి)

పని కోసమైతే ‘ఎల్‌టీఆర్’ (ఎక్కువకాలం మద్దతుండేది) అన్న వెర్షనే వేసుకోండి. నాలుగు నెలలకోసారి వచ్చేది కొత్త వసతులు చూసుకోవడానికి. కొత్తదాన్ని పాతదాని పక్కనే వేయవచ్చు కానీ ఒక చిక్కుంది. 3 శ్రేణిలో రెండు వెర్షన్లూ ఒకే యూజర్ ప్రొఫైల్‌ను పంచుకుంటాయి. కొత్తదాంట్లో ప్లగిన్ అప్‌డేట్ చేస్తే పాతదాంట్లోనూ మారిపోతుంది. సెట్టింగ్స్ మెనూలో వేరే ప్రొఫైల్ సృష్టించి కొత్త వెర్షన్‌ను దాంతోనే తెరవండి. పని చేస్తున్న ప్లగిన్ ఫోల్డర్‌ను జిప్ చేసి, ఇన్‌స్టాలర్‌తో కలిపి దాచండి. ఇంటర్నెట్‌లో పాత ప్లగిన్ ఎల్లకాలం దొరకదు. 2018లో 3.0 వచ్చినప్పుడు పైథాన్ 3కు మారడంతో 2 శ్రేణి ప్లగిన్లన్నీ తిరగరాయాల్సి వచ్చింది. పెద్ద అంకె మారినప్పుడల్లా అలాంటిదే ఎదురుచూడండి.

ప్రశ్న: కాంట్రాక్టర్ పంపిన డీడబ్ల్యూజీ (డ్రాయింగ్ ఫైలు) మా పాత ఆటోక్యాడ్‌లో తెరుచుకోవడం లేదు.
(డ్రాఫ్ట్స్‌మన్, శ్రీకాళహస్తి)

2018 వెర్షన్‌తో డీడబ్ల్యూజీ ఫార్మాట్ మారింది. 2013 నుంచి 2017 దాకా ఉన్న ఆటోక్యాడ్‌లు దాన్ని చదవలేవు. 2013 ఫార్మాట్‌లో సేవ్ చేసి పంపమనండి. ఆయన దొరక్కపోతే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితమే, మార్చి ఇస్తుంది.

ప్రశ్న: పాత మ్యాపుల్లో ఊళ్ల పేర్లు అను ఫాంట్‌లో ఉన్నాయి. క్యూజీఐఎస్‌లో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.
(మ్యాపింగ్ ఆపరేటర్, పలమనేరు)

అను ఫాంట్లు యూనికోడ్ కావు. టేబుల్‌లో ఉన్నవి ఇంగ్లిషు గుర్తులు, ఆ ఫాంటు వేస్తేనే తెలుగులా కనిపిస్తాయి. పేర్ల కాలమ్‌ను గ్రామ కోడ్‌తో కలిపి సీఎస్‌వీగా తీసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి, గ్రామ కోడ్ ఆధారంగా మళ్లీ జతచేయండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) పోవచ్చు, లిబ్రె ఆఫీస్ వాడండి. జియోప్యాకేజ్‌లో దాచండి. వత్తులున్న పేర్లను కన్వర్టర్ తరచు చెడగొడుతుంది. ‘ళ్ల’, ‘ర్ర’ ఉన్న ఊళ్లన్నీ వడపోసి ఒక్కొక్కటీ కంటితో చూడండి. మండలానికి గంట పని.